గేటు మీది కాగితం ఎవరు తీస్తారు?

కరోనా మొదటి ఏడాది, 2020 డిసెంబర్‌లో, కోస్తాలోని ఒక చిన్న పట్టణం నుంచి 34 ఏళ్ల ఇల్లాలు రాసిన ఉత్తరం, అప్పుడే ఇచ్చిన సమాధానం ఇవి. పేరు, ఊరు వేయొద్దన్నారు. పన్నెండు పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె భర్త పదేళ్లుగా బస్టాండ్ దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతున్నారు. పిండి రుబ్బడం, చట్నీలు చేయడం ఆమె పని. ఇంట్లో ఎనిమిదేళ్ల పాప, 68 ఏళ్ల అత్తగారు. అత్తగారికి షుగర్, బీపీ. 2020 ఆగస్టు 6న, పిన్ని కూతురి పెళ్లికి ఆమె ఒక్కరే వెళ్లి మర్నాడు తిరిగొచ్చారు. 9న భర్తకు జ్వరం వచ్చింది. 13న ఆమెకు, ఆ మర్నాడు అత్తగారికి. టెస్ట్ చేస్తే ముగ్గురికీ పాజిటివ్, పాపకు మాత్రం నెగెటివ్. 16న అత్తగారికి ఆయాసం ఎక్కువైతే 108 వచ్చి జిల్లా కేంద్రంలోని కోవిడ్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. బండి ఎక్కాక అత్తగారు కళ్లజోడు అడిగారు. తెచ్చేలోపు తలుపు వేసేశారు. వినాయక చవితికి ముందు రోజు ఆవిడ పోయారు. ఆసుపత్రి వాళ్లే దహనం చేశారు. అస్థికలు తెచ్చుకోవడానికి వీళ్లు భయపడ్డారు. పెద్దకర్మకు పురోహితుడు రానన్నాడు, చుట్టాలూ రాలేదు.

ఇది జరిగి నాలుగు నెలలు కావస్తోంది. 'కోవిడ్ పాజిటివ్, లోపలికి రావద్దు' అని గేటుకు అంటించిన కాగితం సగం చిరిగి ఇంకా అలాగే ఉంది. వీధి కుళాయి దగ్గర వీళ్ల బిందె అందరికంటే ఆఖర్న పెట్టాలి. పాలబ్బాయి ప్యాకెట్ గేటు బయట పడేసి పోతాడు. వీధి పిల్లలు పాపను 'కరోనా పాప' అంటున్నారు. అక్టోబర్‌లో టిఫిన్ సెంటర్ తెరిస్తే బేరం మూడో వంతు కూడా లేదు. సంక్రాంతిలోగా ఇల్లు ఖాళీ చేయమని ఓనర్ గారు చెప్పారు. మీ వల్ల పై వాటాలోకి అద్దెకు ఎవరూ రావడం లేదన్నారట. ఆమె సొంత డబ్బు పెట్టి మూడుసార్లు టెస్ట్ చేయించుకుని నెగెటివ్ రిపోర్టు చూపించినా వీధిలో ఎవరూ నమ్మలేదు.

వీటన్నిటికంటే ఆడపడుచు ఫోన్‌లో అన్న మాట ఆమెను ఎక్కువ కుంగదీసింది. 'నువ్వు ఆ పెళ్లికి పోకుండా ఉంటే మా అమ్మ బతికేది.' ఆ రోజు నుంచి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. చేతులు కడిగి కడిగి చర్మం పగిలిపోయింది. సైరన్ వినిపిస్తే గుండె దడ. భర్త ఏమీ అనరు, అసలు మాట్లాడటమే తగ్గించేశారు. 'ఆ బండిలో అత్తయ్యకు బదులు నేను వెళ్లిపోయి ఉంటే అందరికీ బాగుండేదని రోజూ అనిపిస్తోంది. నేను తప్పు చేశానా? ఈ ఊళ్లో ఉండాలా, వెళ్లిపోవాలా?' అని అడిగారు.

సమాధానం

అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నల కంటే ముందు, మీరు అడగకుండా రాసిన ఒక వాక్యం గురించి మాట్లాడాలి. నేను వెళ్లిపోయి ఉంటే బాగుండేదని రోజూ అనిపిస్తోందన్నారు. ఆ ఆలోచన ప్రాణం తీసుకోవాలనే దాకా వెళ్తోందా? సూటిగా అడిగినందుకు నొచ్చుకోకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు కానీ, నిజానికి అడిగితేనే మనిషికి కొంచెం ఊపిరి ఆడుతుంది. జవాబు అవును అయితే, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముందు మీ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పండి. ఆ రాత్రి ఒక్కరే ఉండకండి. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబర్‌లో మొదలుపెట్టిన కిరణ్ హెల్ప్‌లైన్ (ఇప్పుడు దాని బదులు టెలి మానస్, 14416) రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు ఖర్చు కాదు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే 108కే ఫోన్ చేయండి. ఆ బండి అంటే మీకు భయమని తెలుసు. అయినా చేయండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మీరు తేదీలు రాశారు కాబట్టి వాటితోనే మొదలుపెడతాను. ఈ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి మామూలుగా ఐదారు రోజులు పడుతుంది. ఒక్కోసారి రెండు రోజుల్లోనే బయటపడుతుంది, ఒక్కోసారి పద్నాలుగు రోజులు పడుతుంది. మీరు పెళ్లికి వెళ్లింది 6న, తిరిగొచ్చింది 7న, మీ ఆయనకు జ్వరం 9న. మీకు పెళ్లిలో అంటుకుని, అది మీ ఒంట్లో పెరిగి, మీ నుంచి ఆయనకు సోకి, ఆయనకు జ్వరం రావడం ఇదంతా మూడు రోజుల్లో జరగడం దాదాపు అసాధ్యం. ఆయనకు అది మీకంటే ముందే, ఇంకో దారిలో వచ్చి ఉండాలి. మీకు 13న వచ్చిన జ్వరం పెళ్లిలో సోకిందీ కావచ్చు, ఇంట్లో సోకిందీ కావచ్చు. ఆగస్టులో మన రాష్ట్రంలో రోజుకు 10,000 దాకా కేసులు వచ్చాయి. జ్వరం లేనివాళ్ల నుంచి కూడా అంటుకునే జబ్బు ఇది. ఎవరి ద్వారా ఎవరికి వచ్చిందో ఆ రోజుల్లో చాలా ఇళ్లలో తేల్చలేకపోయారు.

ఈ లెక్క ఆడపడుచుకు చూపించి గెలవడానికి ఇవ్వలేదు. తప్పును మీ మీద నుంచి తీసి మీ ఆయన మీద పెట్టడానికి అసలే కాదు. ఒకవేళ మీ ద్వారానే వచ్చిందనుకుందాం. అయినా మీరు చేసింది చెల్లెలి పెళ్లికి వెళ్లి అక్షింతలు వేయడం. అత్తగారికి హాని చేయాలని వెళ్లలేదు, హాని జరుగుతుందని తెలిసి వెళ్లలేదు. జరిగిన దానికి కారణం కావడం వేరు, దోషి కావడం వేరు. నాలుగు నెలలుగా మీరు ఈ రెంటినీ కలిపేసుకుని నలిగిపోతున్నారు.

ఆయన మౌనం గురించి ఒక మాట. ఆయన మిమ్మల్నే తప్పు పడుతున్నారని మీరు అనుకుంటున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మొదట జ్వరం వచ్చింది ఆయనకు. బస్టాండ్ దగ్గర రోజూ వందమంది చేతుల నుంచి డబ్బు తీసుకునేది ఆయన. తల్లి పోయింది ఆయనకు. ఆయన కూడా రాత్రుళ్లు అదే లెక్క వేసుకుంటూ, నా వల్లే అమ్మ పోయిందేమో అనుకుంటూ ఉండి ఉండొచ్చు కదా? నాకు తెలియదు, మీరే అడగాలి. పొద్దున్నే నాలుగింటికి పిండి కలిపేటప్పుడు మీరిద్దరే ఉంటారని రాశారు. అడగడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

ఇక వీధి సంగతి. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపకొమ్మ కట్టేవారు. అది చూసి ఎవరూ లోపలికి వచ్చేవారు కాదు. ఆ దూరం అవసరమే. కానీ తగ్గాక వేపాకు నీళ్లతో తలకు పోసి, కొమ్మ తీసేసేవారు. అంతటితో అయిపోయినట్టు వీధి మొత్తానికీ తెలిసిపోయేది. మర్నాటి నుంచి ఆ పిల్ల మళ్లీ అందరితో ఆటల్లో ఉండేది. ఈ కరోనాలో గేటుకు కాగితం అంటించడానికి మనుషులు వచ్చారు, వెదురు కర్రలు కట్టడానికి వచ్చారు, బ్లీచింగ్ చల్లడానికి వచ్చారు. అయిపోయిందని చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. మీ వీధి ఇంకా ఆగస్టులోనే ఆగిపోవడానికి అదొక పెద్ద కారణం అనుకుంటున్నాను.

రూల్స్ ప్రకారం అది ఎప్పుడో అయిపోయింది. ఇంట్లో ఉండి తగ్గినవారు లక్షణాలు మొదలైన పది రోజులకు, ఆఖరి మూడు రోజులు జ్వరం లేకపోతే ఐసొలేషన్ ముగించొచ్చని, ఆ తర్వాత మళ్లీ టెస్ట్ అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ జులైలోనే చెప్పింది. ముందు జాగ్రత్తగా ఇంకో వారం ఇంట్లో ఉండమంది, అంతే. అంటే ఆగస్టు నెలాఖరుకే మీ వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. దయచేసి నాలుగో టెస్ట్ చేయించుకోకండి. తగ్గిపోయిన తర్వాత కూడా వైరస్ ముక్కలు కొందరికి వారాల తరబడి టెస్టులో కనిపిస్తాయి. వాటి వల్ల ఎవరికీ అంటదు కానీ, ఆ రిపోర్టు చేతికొస్తే మీ వీధి మిమ్మల్ని ఇంకో నాలుగు నెలలు వెలేస్తుంది.

కాగితం విషయంలో మీకు ఇప్పుడు గట్టి ఆధారం ఉంది. ఈ డిసెంబర్ 9న సుప్రీంకోర్టు, విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారం ఉన్నవారు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప, కరోనా రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించకూడదని చెప్పింది. పోస్టర్ అంటిస్తే ఆ ఇంటివాళ్లను అంటరానివాళ్లలా చూస్తున్నారని ఆ కేసు విచారణలో కోర్టు బాధపడింది. వీధి కుళాయి దగ్గర ఎవరి బిందె ఎప్పుడు పెట్టాలో శాసించడం మన ఊళ్లకు కరోనా నేర్పిన విద్య కాదు. తరతరాలుగా కొందరి చేత అలా దూరం నిలబెట్టించి నీళ్లు పట్టించారు. ఆ పాత అలవాటే మీ వీధిలో కొత్త పేరుతో లేచింది. మీకు జరిగింది అన్యాయం. మీరు అతిగా బాధపడటం లేదు.

ఆ కాగితాన్ని మీరే ఒక రాత్రి పీకేయొచ్చు. కానీ వీధి దాన్ని దొంగతనంగా తీసినట్టు చూస్తుంది. వార్డు సచివాలయానికి వెళ్లి, అంటించినవాళ్లే వచ్చి తీయాలని అడగొచ్చు. వాలంటీర్‌తో పాటు ఏఎన్ఎమ్ కూడా వచ్చి, పగటిపూట, కుళాయికి నీళ్లు వచ్చే వేళ దాన్ని తీసి, ఈ ఇంట్లో జబ్బు ఆగస్టులోనే తగ్గిపోయిందని నలుగురు వినేలా చెబితే మంచిది. నాకైతే ఇదే నచ్చింది. వాళ్లు రేపు మాపు అని తిప్పొచ్చు. నోటితో కాకుండా కాగితం మీద రాసివ్వండి, తీసుకున్నట్టు సంతకం అడగండి. వీధిలో ఒకరిద్దరు ఆ రోజు కూడా మూతి తిప్పుకుంటారు. అందరూ మారతారని నేను మాటివ్వలేను.

మీ ఉత్తరం ఏడో పేజీలో ఒక మనిషిని ఒక్క వాక్యంలో దాటేశారు. మీరందరూ జ్వరంతో పడి ఉన్నప్పుడు ఎదురింటి పిన్నిగారు రోజూ ప్రహరీ గోడ మీద పాప కోసం పెరుగన్నం గిన్నె పెట్టి వెళ్లేవారని రాశారు. ఆవిడ ఇప్పుడెలా ఉంటున్నారో రాయలేదు. వీధి అంతా నాకు శత్రువే అనుకునే రోజుల్లో ఇలాంటి మనిషి కంటికి ఆనరు. ఆ గిన్నెలో ఏదైనా వేసి తిరిగి ఇవ్వడానికి వెళ్లండి. కాగితం తీసే రోజు ఆవిడ పక్కన నిలబడితే ఏఎన్ఎమ్ చెప్పేదానికి రెట్టింపు బలం వస్తుంది. పాప విషయం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. వాళ్ల మనవడు ఒక్కడు పాపతో ఆడితే మిగతా పిల్లలు ఎక్కువ రోజులు ఆగలేరు. ఈలోగా పాపకు ఒక మాట చెప్పండి. నీకు జబ్బు రాలేదు, వచ్చినా అది తిట్టు కాదు, వాళ్లకు తెలియక అంటున్నారు అని. ఆ పేరు విన్న రోజున మీరు ఏడ్చారని రాశారు. పాప ముందు ఏడ్చినా ఫర్వాలేదు, కానీ ఎందుకు ఏడ్చారో చెప్పండి. చెప్పకపోతే పిల్లలు అది తమ తప్పే అనుకుంటారు.

ఇల్లు ఖాళీ చేయాలా? ఇక్కడ నిజం చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్నవారిపై వివక్ష చూపకూడదని 2017లో చట్టం వచ్చింది. డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తల మీద దాడి చేసినా వేధించినా శిక్షించేలా ఈ ఏడాది అంటువ్యాధుల చట్టాన్ని మార్చారు. మీలా జబ్బు పడి లేచిన మామూలు మనిషికి అలాంటి ప్రత్యేక రక్షణ ఇంకా లేదు. అలాగని ఓనర్ నోటిమాటతో మిమ్మల్ని గెంటేయలేరు. నెలవారీ అద్దెకైనా కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత మీరు కదలకపోతే కోర్టుకు వెళ్లాలి తప్ప సామాను బయట పెట్టకూడదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ సాయం ఇస్తారు. ఒకసారి వెళ్లి అడగండి. పోట్లాడకపోయినా మీ హక్కు ఏమిటో తెలిస్తే ఓనర్ ముందు మీ గొంతు మారుతుంది.

అక్కడే ఉండి నిలబడితే రోజూ కొంత టెన్షన్ ఉంటుంది, అది ఇప్పుడున్న మీ ఆరోగ్యానికి బరువే. ఇల్లు మారితే ఊపిరి పీల్చుకుంటారు. అయితే చిన్న ఊళ్లో మీ కథ మీకంటే ముందే ఆ కొత్త వీధికి చేరొచ్చు. పూర్తిగా ఊరు వదిలితే పదేళ్ల బస్టాండ్ బేరం పోతుంది, అప్పు చేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకో దారి కూడా ఉంది. వేసవి దాకా గడువు అడిగి, ఈలోగా నింపాదిగా ఇల్లు చూసుకోవచ్చు. నిద్ర లేని మనిషి ఊరు వదలడంలాంటి నిర్ణయం తీసుకోకూడదని నా అభిప్రాయం. కనీసం రెండు నెలలు దాన్ని పక్కన పెట్టండి.

టిఫిన్ సెంటర్ మీద నాకు అంత దిగులు లేదు. ఈ వైరస్ తిండి ద్వారా సోకిన దాఖలా లేదు. బస్టాండ్‌లో దిగేవాళ్లలో సగం మందికి మీ ఇంటి సంగతే తెలియదు. బస్సులు నిండే కొద్దీ బేరం వస్తుంది. అప్పటిదాకా పార్సిళ్ల మీద నడపండి.

అత్తగారి విషయానికి వస్తాను. మీ గుండెలో ఉన్న బరువులో చాలా భాగం ఇదే. కిటికీలో ఉన్న ఆ కళ్లజోడు ఇప్పటికీ ముట్టుకోలేకపోతున్నానన్నారు. సొంతవాళ్లు పోతే మనం మీద పడి ఏడుస్తాం, నలుగురూ వచ్చి కూర్చుంటారు, పదో రోజు, పన్నెండో రోజు అంటూ ఏదో ఒక పని చేతికి ఉంటుంది. అవేవీ మీకు దక్కలేదు. చితాభస్మం వల్ల ప్రమాదం లేదని, అస్థికలు తీసుకోవచ్చని మార్చిలోనే ప్రభుత్వం చెప్పినా ఆ మాట మీ దాకా ఎవరూ మోసుకురాలేదు. శ్మశానంలో ఏమైనా భద్రపరిచారేమో ఒకసారి కనుక్కోండి. లేకపోయినా, దేహం దొరకనివాళ్లకు కూడా కర్మ చేసే పద్ధతి మన శాస్త్రంలో ఉంది. వేరే పురోహితుణ్ణి అడగండి. వచ్చే మాసికం నాడు చేస్తారో, సంవత్సరీకం దాకా ఆగుతారో మీ ఇంటి ఆనవాయితీని బట్టి మీ ఆయన నిర్ణయిస్తారు.

ఆ రోజుకు ఆడపడుచును పిలవాలా? పిలిస్తే మళ్లీ అదే మాట అనొచ్చు. పిలవకపోతే ఆ మాటే మీ ఇద్దరి మధ్య ఆఖరి మాటగా మిగిలిపోతుంది. ఆవిడ తల్లి ముఖం చివరిసారి చూడలేదు. ఎవరి మీద కోపం చూపించాలో తెలియక మీ మీద చూపించారని నేను అనుకుంటున్నాను. అందుకని మీరు పడాలని కాదు. ముందు మీ ఆయన ఆవిడతో మాట్లాడాలి. 'అమ్మ పోవడానికి తను కారణం కాదు, ఇంకోసారి ఆ మాట అనొద్దు' అని అన్న నోటి నుంచి వస్తేనే దానికి విలువ. ఆ తర్వాత కళ్లజోడు ఎవరి దగ్గర ఉండాలో ముగ్గురూ కలిసి చూసుకోండి. బహుశా కూతురు అడుగుతుంది.

చివరగా డాక్టర్. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దని గట్టిగా అడుగుతున్నాను. నిద్ర, దడ, చేతులు కడగడం, బతకాలని లేకపోవడం ఇవన్నీ ఇన్నాళ్లుగా ఉన్నాయంటే, ధైర్యం తెచ్చుకో అంటే పోయేవి కావు. ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పడం నాకు తగదు, మానసిక వైద్యులు చూసి చెబుతారు. కరోనా తగ్గిన కొందరిలో నిద్రలేమి, నీరసం నెలల తరబడి ఉంటున్నాయి కూడా. మందులు రాస్తే వాటి ఫలితం తెలియడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది. వారానికే పనిచేయలేదని, నెలకే తగ్గిపోయిందని మానేయకండి. మందులొద్దు, మాటలే చాలనుకుంటే కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టొచ్చు. కానీ మీకున్న ఆ ఆలోచనల దృష్ట్యా ఒక్కసారైనా డాక్టర్‌కు కనబడ్డాకే ఆ నిర్ణయం తీసుకోండి. 'కరోనా ఇల్లు' అన్న పేరుకు తోడు 'పిచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్తోంది' అనే మాట కూడా పడుతుందని భయంగా ఉంటే, ఫోన్‌లో, వీడియోలో చూసి మందులు రాయడానికి ఈ మార్చి నుంచి డాక్టర్లకు అనుమతి ఉంది. లేదంటే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు. ఆ ఆసుపత్రి వైపు వెళ్లడమే కష్టమైతే మొదటిసారి ఫోన్‌తోనే కానివ్వండి. మీ ఆయన కూడా పక్కన ఉండాలి. ఆయనకూ చెప్పుకోవాల్సింది ఉండి ఉంటుంది.

ఈ వారంలో ఇది ఒక్కటి చేయండి. కాగితం, ఇల్లు, ఆడపడుచు వచ్చే నెల చూసుకోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడాక నాకు మళ్లీ రాయండి, ఒక్క పేజీ అయినా సరే.